భయపెడుతూ బతకడం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో చాలా భాగం దెయ్యాల గురించే. దెయ్యాలు ఉన్నాయా లేవా అని ఎవరూ అడగలేదు. పెద్ద సంస్థల అండ లేకుండా, చేతిలో ఉన్న కొద్దిపాటి డబ్బుతో దెయ్యం సినిమాలు తీస్తూ జీవితం గడపవచ్చునా అన్నదే అందరి సందేహం. ముప్పై ఏళ్లుగా సాలిగ్రామంలో ఎడిటింగ్ గదిలో కూర్చున్నవాడిగా నాకు తెలిసిన మేరకు, చెన్నైలోని తెలుగు పాఠకులు రాసిన ఆరు ఉత్తరాలకు జవాబిస్తున్నాను.

ప్రశ్న: మాది నెల్లూరు. నాకు ఇరవై తొమ్మిదేళ్లు. షోలింగనల్లూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, సెలవు రోజుల్లో స్నేహితులతో కలిసి మూడు హారర్ లఘు చిత్రాలు తీశాను. పన్నెండు లక్షలు దాచుకున్నాను. ఉద్యోగం మానేసి పూర్తి నిడివి చిత్రం తీయాలని ఉంది. మా నాన్నగారు మాత్రం, "ఒక సినిమా తీస్తావు సరే, ఆ తర్వాత ఏం తింటావు?" అంటున్నారు. ఆయనకు ఏమని చెప్పాలి?

జవాబు: మీ నాన్నగారు సరైన చోటే పట్టుకున్నారు. మొదటి సినిమా ఎలా తీయాలో చెప్పేవాళ్లు వీధికి పది మంది దొరుకుతారు. దానికీ, మిమ్మల్ని నిలబెట్టే మరో సినిమాకూ మధ్య గడిచే ఏళ్లలో ఇంటి అద్దె ఎలా కట్టాలో చెప్పేవాళ్లే కనబడరు.

తక్కువ ఖర్చు హారర్ అనగానే అందరూ తలచుకునే పేరు జార్జ్ రొమేరో. హాలీవుడ్‌కు ఎంతో దూరంలో ఉన్న పిట్స్‌బర్గ్ నగరంలో ప్రకటన చిత్రాలు తీసుకునే ఆయనా, ఆయన మిత్రులూ పది మంది కలిసి తలా 600 డాలర్లు వేసుకుని ఒక సినిమా మొదలుపెట్టారు. చివరికి సుమారు 1,14,000 డాలర్లతో పూర్తయి 1968లో విడుదలైన ఆ చిత్రమే 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్'. కూల్చివేతకు సిద్ధంగా ఉన్న పాత ఇల్లు దొరికింది కనుక కథ ఆ ఇంట్లో జరిగింది. నలుపు తెలుపు చిత్రం కనుక చాక్లెట్ పాకం రక్తంగా పనికొచ్చింది. ఈ కథ ఇక్కడిదాకా అందరికీ తెలుసు, అందరూ ఇక్కడే ఆపుతారు కూడా.

మీరు చదవవలసినది ఆ తర్వాతి పదేళ్లు. 1971లో ఆయన ఒక ప్రేమకథ తీస్తే జనం పట్టించుకోలేదు. తర్వాత వచ్చిన రెండు మూడు చిత్రాలకూ అప్పట్లో డబ్బు రాలేదు. ఆ కాలమంతా ఆయన క్రీడాకారుల మీద టెలివిజన్‌కు డాక్యుమెంటరీలు తీస్తూ అప్పులు తీర్చుకున్నారు. పిట్స్‌బర్గ్ దగ్గరి ఒక షాపింగ్ మాల్‌లో, దుకాణాలు మూసేశాక రాత్రిళ్లు తీసిన 'డాన్ ఆఫ్ ది డెడ్' 1978లో వచ్చాక గానీ మళ్లీ నిలదొక్కుకోలేదు. ఆ పదేళ్లూ ఆయన ఇల్లు గడిచింది కెమెరాతోనే, కాకపోతే దెయ్యాలు లేని పనులతో. హారర్ దర్శకుడి జీవితంలో హారర్ తీసే రోజులు చాలా తక్కువ.

కాబట్టి ఉద్యోగం ఇప్పుడే మానకండి. మానక తప్పదనుకుంటే ముందు ఎడిటింగో, కెమెరాయో, కార్పొరేట్ చిత్రాలో, నెలనెలా డబ్బు తెచ్చే పని ఒకటి చేతిలో పెట్టుకోండి. మీ మూడు లఘు చిత్రాలనూ తక్కువగా అంచనా వేయకండి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసిన కార్తీక్ సుబ్బరాజ్ ఈ చెన్నైలోనే ఒక తమిళ టీవీ లఘు చిత్రాల పోటీలో పేరు తెచ్చుకుని, ఆ తర్వాత 2012లో 'పిజ్జా'తో దర్శకుడయ్యారు. అక్కడ డబ్బు నిర్మాతది అన్న సంగతి గమనించండి.

ఇక పన్నెండు లక్షల విషయం. మా వీధిలో ప్రతి ఎడిటింగ్ గది అలమారాలోనూ షూటింగ్ పూర్తయి, డబ్బు కూడా పూర్తయిపోయిన సినిమాల హార్డ్ డిస్కులు దుమ్ము పట్టి వరుసగా ఉంటాయి. వాటిలో కొన్ని నిజంగా మంచి సినిమాలు. వాటి దర్శకులు కాల్షీట్లకూ, బేటాలకూ (రోజువారీ భత్యాలకూ), భోజనాలకూ ఉన్నదంతా పెట్టేసి, డబ్బింగ్, రీరికార్డింగ్ (నేపథ్య సంగీతం), డీఐ (బొమ్మ రంగులు సరిదిద్దడం), మిక్సింగ్, సెన్సార్, పోస్టర్లు అనే వరుస ఖర్చులు ఎదురయ్యేసరికి చేతులెత్తేశారు. మీ దగ్గర ఉన్నదానిలో షూటింగ్‌కు నాలుగు లక్షలకు మించి పెట్టకండి. తర్వాతి పనులకు మరో నాలుగు లక్షలు విడిగా ఉంచండి. మిగతా నాలుగూ ముట్టుకోకండి. ఆ మిగిలిన డబ్బు చూపించి, "రెండో సినిమా మొదలుపెట్టేదాకా నాకు తిండి ఉంది" అని నాన్నగారికి చెప్పండి. నాలుగు లక్షలతో షూటింగ్ జరిగే కథ దొరకకపోతే అది ఇప్పుడు తీయవలసిన కథ కాదు. ఒక ఇల్లు, నలుగురు మనుషులు, ఒక రాత్రి సరిపోయే కథ రాసుకోండి.

ప్రశ్న: మేము ముగ్గురు మిత్రులం వలసరవాక్కంలో ఒక చిన్న హారర్ చిత్రం తీశాం. ఒక పంపిణీదారు ఏకమొత్తం ఇచ్చి "అన్ని హక్కులూ" తీసుకుంటానంటున్నాడు. పేరు కూడా మార్చాలట. ఒప్పందం ఒకటే పేజీ. సంతకం చేయవచ్చునా?

జవాబు: ఈ వారం చేయకండి. పేరు మార్చడం దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే పైన చెప్పిన రొమేరో సినిమా కొంప ముంచింది అదే. అప్పటి అమెరికా చట్టం ప్రకారం విడుదలైన ప్రతుల మీద కాపీరైట్ ప్రకటన ఉండి తీరాలి. పంపిణీ సంస్థ సినిమా పేరు మార్చి కొత్త టైటిల్ కార్డు వేసినప్పుడు, పాత కార్డుతో పాటు దాని మీద ఉన్న ఆ ప్రకటన కూడా పోయింది. అంతటితో సినిమా ఎవరి సొత్తూ కాకుండా పోయింది. ఎవరు పడితే వాళ్లు ప్రింట్లు వేసుకున్నారు, టీవీల్లో వేసుకున్నారు, క్యాసెట్లు అమ్ముకున్నారు. తీసినవాళ్లకు చేరవలసిన డబ్బులో చాలా భాగం చేరనే లేదు.

మన దగ్గర ఆ ప్రమాదం లేదు. 1957 నాటి మన కాపీరైట్ చట్టం కింద అటువంటి ప్రకటన లేకపోయినా హక్కు మీదే, సినిమాకు అది విడుదలైన తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. మన ప్రమాదం కాగితంలో ఉంది. హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో జరగాలని 19వ సెక్షన్ చెబుతుంది. ఎంత కాలానికో రాయకపోతే ఐదేళ్లకనీ, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికేననీ అదే సెక్షన్ అర్థం చెబుతుంది. అంటే అస్పష్టంగా రాసిన పేజీ కంటే "శాశ్వతంగా, ప్రపంచమంతటా, అన్ని భాషలలో, ఇప్పుడున్న, ఇకముందు రాబోయే అన్ని మాధ్యమాలలో" అని తేటతెల్లంగా రాసిన పేజీ మీకు ఎక్కువ ప్రమాదకరం. థియేటర్లు, టీవీ, ఓటీటీ, డబ్బింగ్ అని విడివిడిగా, ఇన్నేళ్లకు అని రాసి ఇవ్వండి. రీమేక్, రెండో భాగం హక్కులు మాత్రం ఏ ధరకూ ఇవ్వకండి. ప్రేమకథకు రెండో భాగం అరుదు గానీ దెయ్యానికి ఎన్ని భాగాలైనా ఉండవచ్చు; చిన్న హారర్ దర్శకుడికి నిజమైన ఆస్తి అదే.

ఇంకొక మాట. చట్టం దృష్టిలో సినిమాకు మొదటి హక్కుదారు నిర్మాత. మీ ముగ్గురిలో నిర్మాత ఎవరు, ఎవరి వాటా ఎంత అన్నది మీలో మీరు ముందు రాసుకున్నారా? లేకపోతే పంపిణీదారు కంటే ముందు ఆ కాగితం చూసుకోండి. ఇదంతా లాయరు చూడవలసిన పని, నా మాట దానికి బదులు కాదు. అనుభవం కొద్దీ చెబుతున్నాను: నేను జీవితంలో దర్శకత్వం వహించిన ఒకే ఒక్క సినిమా హిందీలోకి డబ్ అయిందన్న సంగతి, ఒక మధ్యాహ్నం మా అత్తగారింట్లో టీవీ చూస్తుంటే తెలిసింది. నా కథానాయకుడు ఎవరిదో గొంతుతో మాట్లాడుతున్నాడు. ఆ హక్కులు ఎప్పుడు ఇచ్చానా అని ఇంటికొచ్చి కాగితం తీసి చూస్తే, కింద నా సంతకం ఉంది.

ప్రశ్న: నేను వడపళనిలో యాభై ఏళ్లుగా ఉంటున్నాను. ఈ కాలపు కుర్రవాళ్లు తక్కువ ఖర్చుతో దెయ్యం సినిమా తీయడం తామే కనిపెట్టినట్లు మాట్లాడుతుంటే నవ్వు వస్తుంది. మన విఠలాచార్య గారిని మరిచిపోయారా?

జవాబు: మరిచిపోలేదండీ, కొందరికి తెలియనే తెలియదు. ఉడుపి దగ్గరి ఉద్యావరలో 1920లో పుట్టిన కన్నడిగుడు బి. విఠలాచార్య మద్రాసులో ఉండి తెలుగు జానపదాలు తీసి, 1999లో పోయేనాటికి 'జానపద బ్రహ్మ' అనిపించుకున్నారు. పైన చెప్పిన 'డాన్ ఆఫ్ ది డెడ్' వచ్చిన 1978లోనే ఆయన 'జగన్మోహిని' వచ్చింది. దెయ్యం తన కాళ్లనే పొయ్యిలో కట్టెలుగా పెట్టి వంట చేసే దృశ్యం తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది, నవ్వూ వస్తుంది. కెమెరా ఆపి మనిషిని తప్పించి మళ్లీ తిప్పడం, ఒకే ఫిల్ముపై రెండుసార్లు తీయడం వంటి చవకైన ఉపాయాలే ఆయన ఆయుధాలు. నటుడు పేచీ పెడితే ఆ పాత్రను చిలకగానో మేకగానో మార్చేసి షూటింగ్ కొనసాగించేవారని కోడంబాకంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అందులో నిజం ఎంతైనా, ఖర్చు ఎంతో ముందే తేల్చుకుని, వేసిన సెట్టును మళ్లీ మళ్లీ వాడుకుంటూ, దశాబ్దాల పాటు వరుసగా సినిమాలు తీయడం మాత్రం కట్టుకథ కాదు. పై ఉత్తరం రాసిన నెల్లూరు అబ్బాయికి రొమేరో కంటే ఈయనే దగ్గరి గురువు.

ప్రశ్న: నేను సౌండ్ రికార్డింగ్ చదువుకుంటున్నాను. ఒక చిన్న హారర్ చిత్రానికి పని చేయమని పిలిచారు. డబ్బంతా కెమెరాకూ లెన్సులకూ పెట్టి, శబ్దం సంగతి తర్వాత స్టూడియోలో చూసుకుందాం అంటున్నారు దర్శకులు. ఇది సరైనదేనా?

జవాబు: కాదమ్మా. ఆయనకు ఈ సంగతి చెప్పి చూడండి. జాన్ కార్పెంటర్ సుమారు 3 లక్షల డాలర్లతో తీసిన 'హాలోవీన్' చిత్రాన్ని, సంగీతమూ ఇతర శబ్దాలూ చేర్చకముందు, ఒక పెద్ద స్టూడియోలో పనిచేసే యువతికి చూపించారు. ఆమెకు ఏమాత్రం భయం వేయలేదు. దీన్ని సంగీతంతోనే కాపాడాలి అనుకుని ఆయనే కూర్చుని సంగీతం కట్టారు. చిన్నతనంలో తండ్రి నేర్పిన ఐదు మాత్రల లెక్క అందులో ప్రధానం. మార్గళి కచేరీలు వినే చెన్నైవాళ్లకు అది ఖండ నడక అని చెబితే చాలు, నాలుగు కోసం ఎదురుచూసే చెవికి ఐదో దెబ్బ ఎందుకు కలవరం పుట్టిస్తుందో తెలుస్తుంది. ఆ పాటకు ఖర్చయింది బుర్ర మాత్రమే.

మసక బొమ్మను ప్రేక్షకుడు క్షమిస్తాడు, ఒక్కోసారి దాన్ని భయంలో భాగంగానూ తీసుకుంటాడు. గదిలో మనిషి ఊపిరి డబ్బింగ్ థియేటర్లో మైకు ముందు తీసిన ఊపిరిలా వినబడితే మాత్రం దెయ్యం పారిపోతుంది. అందుచేత ప్రతి లొకేషన్‌లోనూ ఫ్యాను, ఫ్రిజ్ ఆపించి, యూనిట్ అందరినీ నిలబెట్టి, ఒక నిమిషం పాటు ఆ గది నిశ్శబ్దాన్ని రికార్డు చేయండి. ఆర్కాటు రోడ్డు పక్క ఇళ్లలో అది అర్ధరాత్రి దాటితే గానీ దొరకదు. తలుపు కిర్రు, మెట్ల మీద అడుగు, గిన్నె దొర్లిన చప్పుడు కూడా ఆ ఇంట్లోనే పట్టుకోండి. దర్శకులు వినకపోతే, ఆయన తీసిన ఏదైనా ఒక భయం సీనును శబ్దం లేకుండా ఒకసారి, మీరు పట్టిన శబ్దాలతో మరొకసారి వేసి చూపించండి.

ప్రశ్న: మా సినిమాకు 'ఎ' సర్టిఫికెట్ వస్తే నష్టమా? కథలో ఒక నల్ల పిల్లి, ఒక గుడ్లగూబ కూడా ఉన్నాయి.

జవాబు: 'ఎ' వచ్చిన ప్రతిని టీవీలో వేయరు, వేయాలంటే కత్తిరించి మళ్లీ సర్టిఫికెట్ తీసుకోవాలి. టీవీ హక్కుల మీద ఆశ పెట్టుకున్నవారికి అది నష్టమే. 2024 నిబంధనల తర్వాత 'యు/ఎ'లో 7, 13, 16 ఏళ్లు అని మూడు మెట్లు వచ్చాయి కనుక, 16 దగ్గర ఆగేలా రక్తపాతం తగ్గించుకోవడం తెలివైన పని. పిల్లి విషయంలో షూటింగ్‌కు ముందే జంతు సంక్షేమ మండలి అనుమతి కావాలి. ఆ కార్యాలయం ఒకప్పుడు మన తిరువాన్మియూరులోనే ఉండేది, ఇప్పుడు హర్యానాకు వెళ్లిపోయింది. గుడ్లగూబ వన్యప్రాణి రక్షణ చట్టం కిందికి వస్తుంది, దాన్ని గ్రాఫిక్స్‌కు వదిలేయండి, లేదా కూతతో సరిపెట్టండి. చీకట్లో కూతే ఎక్కువ భయం.

ప్రశ్న: మా అబ్బాయి మా వేళచ్చేరి ఫ్లాటులోనే రాత్రిళ్లు దెయ్యం సినిమా తీస్తానంటున్నాడు. ఇంట్లో అటువంటివి తీస్తే అరిష్టం కాదా? పైగా కింది వాటా వాళ్లు ఊరుకోరు.

జవాబు: అరిష్టం సంగతి అలా ఉంచండి, ఓరెన్ పెలీ అనే ఆయన 2006లో శాన్ డియాగోలో తన సొంత ఇంట్లోనే, సుమారు 15,000 డాలర్లతో, ఏడు రోజుల్లో 'పారానార్మల్ యాక్టివిటీ' తీశారు. దానికోసం అంతకుముందు దాదాపు ఏడాది పాటు గోడలకు రంగులు వేయించి, సామాను మార్చి ఇల్లు సిద్ధం చేసుకున్నారు. కాబట్టి మీ గోడలకు సున్నం వేయించే ఖర్చు అబ్బాయి లెక్కలో ముందే రాయించండి. అసోసియేషన్ నుంచి లిఖితపూర్వకంగా అనుమతి తీసుకోమనండి, కేకలన్నీ పగలు తలుపులు మూసి విడిగా రికార్డు చేసుకోమనండి. రక్తానికి పంచదార పాకం వాడితే తెల్లారేసరికి ఇల్లంతా చీమలు పడతాయి, కింద ప్లాస్టిక్ పట్ట పరవనిదే ఒక్క చుక్క కూడా ఒలకనివ్వకండి. ఇక మీ మనసు కుదుటపడడానికి, ఏ సినిమాకైనా కొబ్బరికాయ కొట్టి మొదలుపెట్టి గుమ్మడికాయ కొట్టి ముగించడం ఉండనే ఉంది. ఆ గుమ్మడికాయ మీ చేతులతోనే కొట్టండి, కింది వాటా వాళ్లను కూడా పిలవండి.