సోర్ క్రీమ్ వేశాక సాస్ ఎందుకు విరుగుతుంది?

ప్రశ్న: పక్కింటివారు పెట్టిన బీఫ్ స్ట్రోగనాఫ్ (సోర్ క్రీమ్, అంటే పులియబెట్టిన మీగడ, కలిపిన సాస్‌తో చేసే రష్యన్ మాంసం వంటకం), ఎగ్ నూడుల్స్ మా పిల్లలకు బాగా నచ్చడంతో ఇంట్లో నేనూ చేస్తున్నాను. దుకాణంలో స్ట్యూ మీట్ పేరుతో అమ్మే ముక్కలు వాడుతున్నాను. సోర్ క్రీమ్ పోసి ఉడికించగానే సాస్ విరిగిపోతోంది, మాంసం రబ్బరులా సాగుతోంది. సోర్ క్రీమ్‌కు బదులు పెరుగు వాడవచ్చా?
— ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: మీ రెండు ఇబ్బందులకూ మూలం సెగలోనే ఉంది. స్ట్యూ మీట్ సాధారణంగా పశువు భుజం, తొడ భాగాల నుంచి వస్తుంది. వాటిలోని గట్టి నారపొరలు కరిగి మెత్తబడాలంటే సన్నని సెగ మీద గంటన్నర, రెండు గంటలు ఉడకాలి. అంత తీరిక లేనప్పుడు సర్లాయిన్ (నడుము వెనుక వైపు ఉండే మెత్తని మాంసం) తీసుకోండి. నలుగురికి 700 గ్రాములు సరిపోతుంది. అరగంట ఫ్రీజర్‌లో ఉంచితే మాంసం బిగిసి, కత్తికి చక్కగా తెగుతుంది. అప్పుడు నారకు అడ్డంగా, చిటికెనవేలంత పొడవున పలుచని ముక్కలు కోయండి. తడి పూర్తిగా అద్ది, ఉప్పు, మిరియాల పొడి పట్టించి, బాగా కాగిన మూకుడులో కొన్ని కొన్నిగా వేసి, రెండు వైపులా ఎర్రబడగానే పళ్లెంలోకి తీసేయండి. అన్నీ ఒకేసారి వేస్తే నీరు ఊరి, మాంసం వేగడానికి బదులు ఉడుకుతుంది.

అదే మూకుడులో వెన్న వేసి, ఒక ఉల్లిపాయ తరుగు, 250 గ్రాముల పుట్టగొడుగులు వేయించండి. పుట్టగొడుగులు మొదట నీరు వదిలి కుతకుతలాడతాయి. ఆ నీరంతా ఇగిరి, చిటపట మొదలై, అంచులు ఎర్రబడేవరకు ఓపిక పట్టాలి, ఎందుకంటే ఈ వంటకం రుచిలో సగం అక్కడే తయారవుతుంది. తరువాత రెండు పెద్ద చెంచాల మైదా చల్లి, నిమిషం వేయించి, కప్పున్నర బీఫ్ స్టాక్ (మాంసం, ఎముకలు ఉడికించిన రసం), ఒక చెంచా ఆవముద్ద వేసి, అడుగున అంటిన గోధుమరంగు పొరను గరిటెతో గీకి కలుపుతూ చిక్కబడనివ్వండి.

సోర్ క్రీమ్ పులుపు పదార్థం; మరిగే సెగకు అందులోని పాల మాంసకృత్తులు ముద్దకట్టి నీటి నుంచి విడిపోతాయి. అందుచేత ముందు పొయ్యి ఆర్పండి. ముప్పావు కప్పు సోర్ క్రీమ్‌ను ఒక గిన్నెలోకి తీసుకుని, గరిటెడు వేడి సాస్‌తో కలిపి, ఆ మిశ్రమాన్ని మూకుడులో పోసి, పళ్లెంలోని మాంసాన్ని దాని ఊటతో సహా చేర్చండి. మళ్లీ వేడి చేయవలసి వస్తే సన్నని సెగే పెట్టాలి, మరగనివ్వకూడదు. కొవ్వు తగ్గించిన రకం మరీ తొందరగా విరుగుతుంది కనుక దానిని కొనవద్దని నా సలహా.

పెరుగు నిస్సందేహంగా వాడవచ్చు, అయితే వెన్న తీయని పాల పెరుగై, గుడ్డలో కట్టి నీరు ఓడ్చినదై ఉండాలి. మజ్జిగ పులుసు విరగకుండా మనం శనగపిండి కలిపినట్లే, ఇక్కడ ఒక చెంచా కార్న్‌ఫ్లోర్ (మొక్కజొన్న గంజిపిండి) కలిపితే చాలు.

ఎగ్ నూడుల్స్‌ను చివరలో, కాస్త పలుకు ఉండగానే వార్చండి. ఆ గంజినీరు ఒక కప్పు దాచుకోండి. సాస్ మరీ బిగిసినప్పుడు అది పనికివస్తుంది. నూడుల్స్‌తో వడ్డించడం అమెరికాలో స్థిరపడిన అలవాటు. రష్యాలో 1871లో అచ్చయిన తొలినాటి వంట విధానంలో ఆవాలు, కొద్దిగా సోర్ క్రీమ్ ఉన్నాయి గాని ఉల్లిపాయా, పుట్టగొడుగులూ లేవు. కాబట్టి మీ పిల్లలకు పుట్టగొడుగులు నచ్చకపోతే మానేయడానికి సంకోచించనక్కరలేదు. గరం మసాలా మాత్రం వేయకండి. అది క్రీమ్ రుచిని పూర్తిగా కప్పేస్తుంది.

ప్రశ్న: హైదరాబాద్‌లో మాకు దొరికేది గేదె మాంసం. దానితో ఇటువంటి పాస్తా చేయవచ్చా?
— ఒక పాఠకుడు, టోలిచౌకి

జవాబు: చేయవచ్చు, కాని వేయించి తీసేసే పద్ధతి దానికి పనికిరాదు. ముక్కలను ముందుగా ఎర్రగా వేయించి, ఉప్పు, కొద్దిగా నీరు చేర్చి, వేలితో నొక్కితే విడిపోయేంతవరకు కుక్కర్‌లో ఉడికించండి. అందులో మిగిలిన రసమే మీకు స్టాక్. సోర్ క్రీమ్ దొరకకపోతే డబ్బాలో వచ్చే ఫ్రెష్ క్రీమ్‌లో కాస్త చిక్కని పెరుగు కలిపి, పొయ్యి ఆర్పిన తరువాతే పోయండి. ఎగ్ నూడుల్స్‌కు బదులు పెన్నె వాడితే ఆ గొట్టాలలోకి సాస్ చేరి బాగుంటుంది.