వెబ్‌సైటులో ఇంకా ఉంది కదా అని కూర్చుంటే గడువు ఆగదు

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో పదహారేళ్లుగా వ్యవసాయ పంపుసెట్లు తయారు చేస్తున్నాం. మాది ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ, నేను మేనేజింగ్ డైరెక్టరును. 2022లో మా బ్యాంకు ఖాతా కొన్ని నెలలు ఎన్‌పీఏ (మొండి బాకీ) అయింది. తర్వాత వన్‌టైమ్ సెటిల్‌మెంటులో బాకీ మొత్తం తీర్చేశాం. 2024 జూన్ 18న వేరే రాష్ట్రానికి చెందిన ఒక బిజినెస్ మాసపత్రిక తన ఆన్‌లైన్ ఎడిషన్‌లో బ్యాంకులను మోసగించిన చిన్న కంపెనీల గురించి వ్యాసం వేసి, అందులో మా కంపెనీ పేరు పెట్టింది. జులై అచ్చు సంచికలోనూ అదే వచ్చింది. అప్పటినుంచి నా భార్య బంధువుల ఇళ్లలో శుభకార్యాలకు వెళ్లడం మానేసింది. మా నాన్నగారు ఆ దిగులుతోనే మంచాన పడ్డారు. నలుగురు డీలర్లు ఆ ఏడాదే మమ్మల్ని వదిలి వెళ్లిపోయారు. ఆగస్టులో ఫోన్ చేసి గట్టిగా అడిగితే ఆన్‌లైన్ శీర్షికలో 'మోసగించిన' అన్న మాట తీసి 'బకాయిపడిన' అని మార్చారు కానీ వ్యాసం తీయలేదు. ఏడాదిగా ఈమెయిళ్లు పంపుతున్నాను. 'పరిశీలిస్తున్నాం' అంటున్నారు. వ్యాసం ఇప్పటికీ కనిపిస్తోంది కనుక గడువు సమస్యే ఉండదని ఒక మిత్రుడు చెప్పాడు. ఐదు కోట్లకు దావా వేయాలనుకుంటున్నాను. ఎడిటరును అరెస్టు చేయించవచ్చా? ఒక ఏజెన్సీవారు లక్షన్నర ఇస్తే ఆ వ్యాసాన్ని పాత తేదీతో వేరే బ్లాగులో పెట్టి, అసలు రచన మాదేనని కాపీరైటు ఫిర్యాదు చేసి గూగుల్‌లో కనపడకుండా చేస్తామంటున్నారు. మరొక విషయం: 2025 మే 10న విడుదలైన ఆ పత్రిక వార్షిక ప్రత్యేక సంచికలో మళ్లీ 'మోసం' అనే మాటతోనే మా పేరు వేశారు. జులైలో బ్యాంకు మేనేజరు దాన్ని చూపించి వర్కింగ్ క్యాపిటల్ (వ్యాపారం రోజువారీ నడపడానికి ఇచ్చే రుణం) పెంచనన్నారు.
— ఎస్.ఆర్., విజయవాడ, 22 సెప్టెంబరు 2025

జవాబు: మీరు నాలుగు పేజీలు రాశారు. మీ కేసును నిలబెట్టేది చివరి పేజీలో 'మరొక విషయం' అంటూ రాసిన రెండు వాక్యాలే. ముందు రాసిన మూడు పేజీల బాధకు కోర్టులో ఇప్పుడు దారి దాదాపు మూసుకుపోయింది.

పరువునష్టానికి పరిహారం కోరే సివిల్ దావాకు 1963 నాటి కాలపరిమితి చట్టం ఇచ్చిన గడువు ఒక్క ఏడాది. అచ్చులో వచ్చిన నిందకు 75వ అధికరణం ప్రకారం ఆ ఏడాది ప్రచురించిన రోజునుంచి లెక్కకు వస్తుంది. ఆన్‌లైన్ వ్యాసానికి 2025 జూన్ 18తో, అచ్చు సంచికకు జులైలో అది విడుదలైన తేదీతో గడువు అయిపోయింది. ప్రతివాది ఆ మాట ఎత్తకపోయినా, గడువు దాటిన దావాను కొట్టివేయాల్సిన బాధ్యత 3వ సెక్షన్ కోర్టు మీదే పెట్టింది. జాప్యాన్ని మన్నించమని కోరే 5వ సెక్షన్ అప్పీళ్లకు, దరఖాస్తులకు మాత్రమే. దావాకు అది వర్తించదు. నాన్నగారి అనారోగ్యం ఎంత నిజమైనా ఆ తలుపు తెరుచుకోదు.

వ్యాసం వెబ్‌సైటులో ఉన్నన్నాళ్లూ ప్రతిరోజూ కొత్త ప్రచురణే అన్న మీ మిత్రుడి మాట చాలామంది నమ్మేదే. ఫేస్‌బుక్ పోస్టు మీద వచ్చిన ఒక దావాలో ఢిల్లీ హైకోర్టు 2013లో ఈ వాదనను తిరస్కరించింది. ఇంటర్నెట్‌లో పెట్టిన రాతకు మొదట పెట్టిన రోజే ప్రచురణ దినం, అది అక్కడ అలా ఉండిపోవడం వల్ల రోజూ కొత్త దావా హక్కు పుట్టదు అని చెప్పింది. అలా కాకపోతే ఏడాది గడువు పెట్టిన శాసనానికి అర్థమే ఉండదని దాని తర్కం. ఈ తీర్పును మన హైకోర్టు తప్పక పాటించాలని లేదు. అయినా అవతలి న్యాయవాది మొదటి వాయిదాలోనే దీన్ని బల్లమీద పెడతాడు. దావాపత్రాన్ని ఆరంభంలోనే తిరస్కరించమని సివిల్ ప్రొసీజర్ కోడ్ 7వ ఆర్డరు 11వ రూలు కింద దరఖాస్తు వేస్తాడు.

అదే తీర్పులోని మరో మాట మీకు ప్రాణం పోస్తుంది. కొత్త పాఠకులకు, లేదా మరింత మందికి చేరవేసే ఉద్దేశంతో అదే నిందను తిరిగి ప్రచురిస్తే దానికి దావా హక్కు కొత్తగా పుడుతుంది. వార్షిక ప్రత్యేక సంచిక విడిగా అచ్చయి, విడిగా అమ్ముడైన సంచిక. దాని గడువు 2026 మే 10. ఆ రోజు ఆదివారం, పైగా వేసవి సెలవుల కాలం. కోర్టు మూసి ఉన్న రోజున గడువు ముగిస్తే తెరిచిన రోజు వేయవచ్చని కాలపరిమితి చట్టం 4వ సెక్షన్ అంటుంది. దాన్ని నమ్ముకుని ఏప్రిల్ దాకా ఆగకండి. నాకైతే మీ దావా ఈ డిసెంబరులోపు ఫైలు కావాలి.

ఇందులో ఒక చేదు నిజం ఉంది. మే సంచిక మీద వేసే దావాలో ఆ సంచిక వల్ల కలిగిన నష్టమే అడగగలరు. 2024లో వెళ్లిపోయిన నలుగురు డీలర్ల వ్యాపారం ఇందులోకి రాదు. 2025 జులైలో బ్యాంకు నిరాకరించిన వర్కింగ్ క్యాపిటల్ వస్తుంది. ఐదు కోట్ల సంఖ్య ఎక్కడినుంచి తెచ్చారో మీరు రాయలేదు. కోరిన మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి. జీఎస్టీ రిటర్నులు, ఆర్డరు పుస్తకం, బ్యాంకు లేఖ ముందు పెట్టుకుని మీ చార్టర్డ్ అకౌంటెంటు లెక్క తేల్చిన సంఖ్యే దావాలో ఉండాలి. భార్య, నాన్నగారు పడిన వేదన కంపెనీ పరువు కిందికి రాదు. సంచికలో డైరెక్టరుగా మీ పేరు కూడా వేసి ఉంటే మీరు రెండో వాదిగా చేరవచ్చు. కంపెనీ తరఫున వేయడానికి బోర్డు తీర్మానం కావాలి. పత్రిక వేరే రాష్ట్రానిది అయినా సంచిక విజయవాడలో చదివారు, నష్టం ఇక్కడ జరిగింది కనుక సివిల్ ప్రొసీజర్ కోడ్ 19వ సెక్షన్ ప్రకారం ఇక్కడే వేయవచ్చు.

ఇప్పుడు మీ అజాగ్రత్త సంగతి. 2024 ఆగస్టులో ఫోన్ చేసి మాట మార్పించారు. మార్చకముందు శీర్షిక ఎలా ఉందో చూపే కాగితం ఒక్కటైనా దాచారా? మీ అబ్బాయి తీసిన స్క్రీన్‌షాట్లు ఫోన్ మార్చినప్పుడు పోయాయని మూడో పేజీలో రాశారు. పంపుసెట్టు వారంటీ కార్డు పోయిందంటే మీరు రైతుకు ఏం చెబుతారు? మీ కేసులో ఆ స్క్రీన్‌షాటు విలువ లక్షల్లో ఉంటుంది. ఎందుకంటే 'మోసం' అన్న మాట తప్పని తెలిసి 2024లో తీసేసిన పత్రిక, తొమ్మిది నెలల తర్వాత ప్రత్యేక సంచికలో అదే మాట తిరిగి అచ్చు వేసింది. పొరపాటున రాశామని ఇక వారు చెప్పలేరు. దురుద్దేశం రుజువు చేయడానికి ఇంతకన్నా బలమైన ఆధారం మీకు దొరకదు.

పోయినదాన్ని ఇలా వెతకండి. ఆ రోజుల్లో వ్యాసాన్ని మీకో, డీలర్లకో వాట్సాప్‌లో పంపినవారు ఉంటారు. లింకు పంపినప్పుడు శీర్షిక కూడా కనిపిస్తుంది కనుక, ఆ ఫోన్లలో అది ఇంకా ఉండవచ్చు. వెబ్‌పేజీల పాత నకళ్లు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వేబ్యాక్ మెషీన్‌లో పాత రూపం ఉందేమో చూడండి. ఏది దొరికినా ఆ పరికరం ఎవరిదో వారి చేత భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం తీసుకోవాలి. అందులో రెండు భాగాలున్నాయి. ఒకటి పరికరం తన అధీనంలో ఉన్న వ్యక్తిది, రెండోది నిపుణుడిది. ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే అక్షరాలు, అంకెల గుర్తు) రాయాలి. పాత సాక్ష్య చట్టంలో 65బి సెక్షన్ కింద ఉన్నప్పుడే, అసలు పరికరాన్ని కోర్టుకు తేలేనప్పుడు ధ్రువపత్రం తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2020లో తేల్చేసింది. ప్రింటు తీసి కట్టగా తెస్తే చెల్లదు. ప్రత్యేక సంచిక మాత్రం అచ్చు ప్రతి. బిల్లుతో సహా రెండు కాపీలు ఈ వారమే కొనండి. దుకాణంలో లేకపోతే పత్రిక ఆఫీసునుంచి వేరొకరి పేరుమీద తెప్పించండి. ఆ సంచిక చదివి అది మీ కంపెనీ గురించేనని అర్థం చేసుకున్న బయటి సాక్షి కూడా కావాలి. బ్యాంకు మేనేజరు నోటిమాటగా చెప్పారా, లేఖ ఇచ్చారా? నోటిమాటే అయితే, నిరాకరణకు కారణం రాతపూర్వకంగా ఇవ్వమని బ్యాంకుకు ఇవాళే దరఖాస్తు పెట్టండి.

పత్రిక మొదట చెప్పబోయేది 'మేం రాసింది నిజం' అనే. మీ ఖాతా ఎన్‌పీఏ అయిన మాట నిజం. దాన్ని దావాపత్రంలో దాచారో, మొదటి క్రాస్ ఎగ్జామినేషన్‌లోనే కేసు కూలుతుంది. మీరే ముందు చెప్పండి. చెప్పి, తేడా చూపించండి. వాయిదా 90 రోజులు దాటి బాకీ ఉంటే టర్మ్ లోను ఎన్‌పీఏ అవుతుంది. వర్షాలు లేక రైతులు మోటార్లు కొనకపోయినా అవుతుంది. ఒక ఖాతాను 'మోసం' కింద వర్గీకరించడం పూర్తిగా వేరు. రుణగ్రహీతకు నోటీసు ఇచ్చి, వాదన వినకుండా ఆ ముద్ర వేయకూడదని సుప్రీంకోర్టు 2023లో స్టేట్ బ్యాంకు కేసులో చెప్పింది. మీకు అలాంటి నోటీసు ఎన్నడూ రాలేదు కదా? అయితే నో డ్యూస్ సర్టిఫికెట్‌తో పాటు, మీ ఖాతాను ఎప్పుడూ మోసంగా వర్గీకరించలేదని పాత బ్యాంకునుంచి ఒక లేఖ తెచ్చుకోండి. ఆ ఒక్క కాగితం మీ దావాలో సగం.

ఇక ఏజెన్సీవారి సలహా. దాని దరిదాపులకు వెళ్లకండి. పాత తేదీ వేసి సృష్టించే ఆ బ్లాగు ఫోర్జరీ చేసిన ఎలక్ట్రానిక్ రికార్డు. భారతీయ న్యాయ సంహితలో 336, 340 సెక్షన్లు దానికోసమే ఉన్నాయి. ఫిర్యాదు మీ పేరుతో వెళ్తుంది. కేసు వస్తే ఏజెన్సీ ఫోన్ ఎత్తదు. పైగా గూగుల్ తనకు వచ్చే కాపీరైటు తొలగింపు నోటీసుల ప్రతులను లూమెన్ అనే బహిరంగ డేటాబేస్‌కు పంపుతుంది. పత్రిక విలేకరులు అక్కడ వెతకడం ఎరిగినవారు. ఇవాళ పత్రిక రాసిన 'మోసం' అబద్ధం. ఆ పని చేసిన మర్నాడు అది నిజమవుతుంది. చేతులు శుభ్రంగా లేని వాదికి ఏ కోర్టూ ఇంజంక్షన్ (ఆపమనే ఉత్తర్వు) ఇవ్వదు. ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చి ఉంటే పని ఆపమని ఈరోజే రాతపూర్వకంగా చెప్పండి.

అరెస్టు సంగతి అడిగారు. పరువునష్టం బెయిలు ఇవ్వదగిన నేరం. పోలీసులు నేరుగా కేసు కట్టరు. బాధితుడే మేజిస్ట్రేటు కోర్టులో ప్రైవేటు ఫిర్యాదు వేయాలి. దానికి గడువు మూడేళ్లు. అందువల్ల 2024 జూన్ నాటి వ్యాసం మీద అప్పుడు అమల్లో ఉన్న పాత శిక్షాస్మృతి 499, 500 సెక్షన్ల కింద ఇంకా వేయవచ్చు. మే సంచిక మీదైతే కొత్త సంహితలోని 356వ సెక్షన్. దారి ఉంది కనుక చెబుతున్నాను, ముందుగా అటు వెళ్లమని కాదు. ఆ కేసులో మీరే సాక్షిగా ఏళ్ల తరబడి తిరగాలి. మీ బ్యాంకు పరిమితి దానివల్ల పెరగదు.

వ్యాసం వెంటనే తీయించే మధ్యంతర ఉత్తర్వు మీద కూడా పెద్ద ఆశ పెట్టుకోవద్దు. 2024లో జీ ఎంటర్‌టైన్‌మెంట్ గురించి బ్లూంబర్గ్ రాసిన వ్యాసాన్ని తొలగించమని ఢిల్లీలోని కింది కోర్టు ఆదేశించింది, హైకోర్టు సమర్థించింది. ఆ ఏడాది మార్చి 22న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును రద్దు చేసింది. విచారణ జరగకుండానే పత్రికా వ్యాసాన్ని ఆపడం అరుదుగా, రాతలో దురుద్దేశమో స్పష్టమైన అబద్ధమో కనిపించినప్పుడే చేయాలంది. అంత పెద్ద కంపెనీకి దక్కనిది మీకు దక్కాలంటే, పైన చెప్పిన బ్యాంకు లేఖ దావా వేసిన మొదటి రోజే జతచేసి ఉండాలి.

నా దృష్టిలో మీకు డబ్బుకన్నా అవసరమైనది దిద్దుబాటు. వచ్చే నెల మొదటి వారంలో ప్రచురణకర్తకు, ఎడిటరుకు, వ్యాసం రాసిన విలేకరికి లాయరు నోటీసు పంపించండి. వారి పేర్లు సంచికలోని ప్రచురణ వివరాల్లో ఉంటాయి. బ్యాంకు లేఖ నకలు జతచేయండి. నాలుగు విషయాలు కోరండి: తదుపరి సంచికలో సవరణ, ఆన్‌లైన్ వ్యాసం పైభాగంలో తేదీతో వివరణ, మీ కంపెనీ పేరు తొలగింపు, 2024 ఆగస్టులో శీర్షిక మార్చిన రికార్డు చెరపకుండా భద్రపరచడం. నాలుగోది చాలామంది లాయర్లు మరిచిపోతారు. దావాలో ఆ రికార్డు తెప్పించమని కోర్టును అడగడానికి ఇదే పునాది. గడువు 15 రోజులకు మించి ఇవ్వకండి. పరిశీలిస్తున్నామని మరో ఈమెయిలు వస్తే జవాబు రాస్తూ కూర్చోవద్దు. ఆ మాట బాధ్యతను ఒప్పుకోవడం కాదు, దానివల్ల ఒక్క రోజు గడువు కూడా పెరగదు. పదహారో రోజున దావాపత్రం మీద సంతకం చేయండి.

విజయవాడలో సివిల్ దావాలు నడిపే లాయరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఈ ఉత్తరం వద్దు. ప్రత్యేక సంచిక, దాని బిల్లు, పాత బ్యాంకు లేఖ, కొత్త బ్యాంకు నిరాకరణ, బోర్డు తీర్మానం, ఏడాదిగా నడిచిన ఈమెయిళ్ల ప్రతులు తేదీల వరుసలో పెట్టి తీసుకెళ్లండి. ఫైలు పై అట్ట మీద '10 మే 2026' అని ఎర్ర సిరాతో రాయించండి.