గేదె ఈత మొత్తంలో ఎన్ని పాలిస్తుందో ముందే లెక్క కట్టొచ్చా?

ప్రశ్న: మా గేదె మూడో ఈత ఈని ఏడు వారాలైంది. రోజుకు 10 లీటర్లు ఇస్తోంది. ఫార్ములాతో ఈత మొత్తం పాలు ముందే చెప్పొచ్చని విన్నాను. మా అబ్బాయి పదిని, ఒక ఈతకు మామూలుగా లెక్కగట్టే 305 పాల రోజులతో గుణించి 3,050 లీటర్లు అంటున్నాడు. నిజమేనా? పడ్డల (ఇంకా ఈనని ఆడ దూడల) ఎదుగుదలకూ ఇలాంటి లెక్క ఉందా?

జవాబు: అన్ని పాలు రావు. ఈనాక పాలు పెరుగుతూ పోయి, చాలా గేదెల్లో ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య గరిష్ఠానికి చేరి, తర్వాత మెల్లగా తగ్గుతాయి. మీ 10 లీటర్లు బహుశా ఆ గరిష్ఠమే.

ఈ పెరుగుదల, తగ్గుదలను వుడ్ అనే శాస్త్రవేత్త 1967లో ఆవుల కోసం ఒక సమీకరణంగా రాశారు. గేదెలకూ దాన్నే ఎక్కువగా వాడుతున్నారు. అందులో మూడు అంకెలుంటాయి: మొదట్లో పాల స్థాయి, పెరిగే వేగం, తగ్గే వేగం. రెండోదాన్ని మూడోదానితో భాగిస్తే గరిష్ఠం ఎన్నో వారంలో వస్తుందో తెలుస్తుంది. అవి 8.4, 0.2, 0.03 అనుకుందాం (మీ గేదెవి కావు, లెక్క కోసం నేను వేసుకున్నవి). ఏడో వారంలో 10 లీటర్లు, 20వ వారంలో 8.4, 30లో 6.7, 40లో 5.3 వస్తాయి. 305 రోజులకు మొత్తం దాదాపు 2,380 లీటర్లు.

చిక్కల్లా తగ్గే వేగంతోనే. ఏడో వారంలో అదింకా బయటపడదు. ఇప్పుడే ఎవరైనా కచ్చితమైన అంకె చెబితే నమ్మకండి. నెలకో రోజు ఉదయం, సాయంత్రం పాలు కొలిచి రాయండి. దూడ తాగేది కూడా అంచనా వేసి కలపాలి, చాలామంది మరిచిపోయేది ఇదే. వరుస రెండు కొలతల సగటును మధ్య రోజులతో గుణించి కూడుకుంటూ పోతే ఏ సమీకరణం లేకుండానే అసలు దిగుబడి వస్తుంది. గరిష్ఠం దాటాక మూడు నాలుగు కొలతలుంటే మిగతా ఈతకు అంచనా కాస్త నిలబడుతుంది. కొన్ని గేదెలకు గరిష్ఠమే స్పష్టంగా కనిపించదు, మొదటి నుంచీ తగ్గుతూనే ఉంటాయి. వాటికి ఈ సమీకరణం సరిగా అతకదు.

నా మటుకు ఈ సమీకరణం వారంవారం చూపే పాల గీత అసలు ఉపయోగం వేరే. 8 లీటర్లు రావాల్సిన వారంలో 6 వస్తే అది మామూలు తగ్గుదల కాదు. పొదుగువాపు ఉందా, ఎదకు వచ్చిందా, మేత మారిందా, సరిగా చేపుతోందా (పాలు పొదుగులోంచి వదులుతోందా) అని వెంటనే చూడాలి.

పడ్డలకు, వయసుతో బరువు ఎలా పెరుగుతుందో చెప్పే గాంపెర్ట్జ్, బ్రోడీ, లాజిస్టిక్ అనే సమీకరణాలున్నాయి. గాంపెర్ట్జ్ ప్రకారం ఎదుగుదల వేగం పూర్తి బరువులో 37 శాతం దగ్గర గరిష్ఠంగా ఉంటుంది. అంటే 500 కిలోలు తూగబోయే పడ్డకు 185 కిలోల దగ్గర. ఆ వయసులో మేత తగ్గించడమంటే ఎదకు రావడాన్ని చేజేతులా ఆలస్యం చేయడమే. కాటా లేకపోతే టేపు చాలు: ఛాతీ చుట్టుకొలతను దానితోనే గుణించి, భుజం కొన నుంచి పిరుదు ఎముక వరకు ఉన్న పొడవుతో మళ్లీ గుణించి, 660తో భాగించండి. కొలతలు అంగుళాల్లో ఉంటే జవాబు కిలోల్లో వస్తుంది. కొంత తేడా ఉంటుంది గానీ, నెలనెలా ఒకే మనిషి కొలిస్తే పెరుగుదల తెలిసిపోతుంది.