హెపటైటిస్ బి ఉంది, మందు అక్కర్లేదన్నారు: మరి ఒంట్లో ఏం జరుగుతోంది?

హెచ్‌బీఎస్ఏజీ (రక్తంలో కనిపించే వైరస్ పైపొర ప్రోటీన్) పాజిటివ్, ఎస్‌జీపీటీ (లివర్ దెబ్బని చూపే ఎంజైమ్) నార్మల్, డాక్టరు 'హెల్తీ క్యారియర్' (వైరస్ ఉన్నా జబ్బు లేనివాళ్లు) అని మందు రాయకుండా పంపేశారు, అంటే నా ఇమ్యూనిటీ నిద్రపోతోందా అని ఒకరు అడిగారు. నేనూ క్యారియర్‌నే. రక్తదానం చేసినప్పుడు బయటపడింది. మా అమ్మకీ ఉంది కాబట్టి పుట్టినప్పుడే సోకి ఉంటుంది. అలా సోకినవాళ్లలో నూటికి తొంభై మందికి ఇది ఉండిపోతుంది, పెద్దయ్యాక సోకితే ఐదుగురికి మించదు.

ఈ వైరస్ లివర్ కణాన్ని నేరుగా చంపదు. వైరస్ దూరిన కణాన్ని గుర్తుపట్టి చంపేది మన సీడీ8 టీ కణాలే (రక్షణ చేసే ఒక రకం తెల్ల రక్తకణాలు), ఆ దెబ్బకి ఎస్‌జీపీటీ రక్తంలోకి కారుతుంది. కాబట్టి అది నార్మల్‌గా ఉందంటే రెండు అర్థాలు: వైరస్ కోట్లలో ఉన్నా టీ కణాలు కదలడం లేదు (చిన్న వయసులో ఇది మామూలే), లేదా వైరసే అణిగి ఉంది. ఈ రెంటిలో ఏదో తేల్చేది, రక్తంలో వైరస్ ఎంతుందో కొలిచే హెచ్‌బీవీ డీఎన్ఏ టెస్టు. నాకు హెచ్‌బీఈఏజీ (వైరస్ జోరుగా పెరుగుతున్నప్పుడు కనిపించే ప్రోటీన్) నెగటివ్, డీఎన్ఏ ఎప్పుడూ రెండు వేల యూనిట్ల లోపే. మీ రిపోర్టులో ఈ రెండూ లేకపోతే అడిగి మరీ చేయించుకోండి.

వైరస్ అణిగి ఉన్నవాళ్లలో టీ కణాలు నిద్రపోవు. మైనీ, బెర్టొలెట్టి అనే పరిశోధకులు 2000లో చూపించింది ఇదే: లివర్ దెబ్బతినకుండా వైరస్ అదుపులో ఉన్నవాళ్ల లివర్‌లో కూడా ఈ వైరస్‌ని గుర్తుపట్టే సీడీ8 కణాలున్నాయి. అంటే అవి ప్రతిసారీ కణాన్ని చంపక్కర్లేదు, ఇంటర్‌ఫెరాన్ గామా లాంటి వైరస్‌ని అణిచే ప్రోటీన్లు వదిలి లోపలి వైరస్ నోరు నొక్కగలవు. ఎలుకల్లో కిసారి బృందం అంతకుముందే ఈ సంగతి చూసింది. కాకపోతే పూర్తిగా తుడిచెయ్యలేవు. వైరస్ డీఎన్ఏ కణం కేంద్రకంలో గుండ్రంగా చుట్టుకుని కూర్చుంటుంది, పైగా ఏళ్ల తరబడి అదే ప్రోటీన్ రక్తంలో తిరుగుతుంటే టీ కణాలు డీలా పడతాయి, వాటి మీద పీడీ-1 అనే బ్రేకు పెరుగుతుంది. రోజూ చచ్చేవాడికి ఏడ్చేవాడెవడు, అంతే.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆ కాపలా ఎత్తేస్తే వైరస్ మళ్లీ లేస్తుంది. కీళ్ల నొప్పులకి నాకు ఇమ్యూనిటీ తగ్గించే మందు పెడదామన్నప్పుడు క్యారియర్‌నని చెప్పాను. డాక్టరు రాయబోతున్న చీటీ పక్కన పెట్టి, ముందు డీఎన్ఏ చూసి, ఎంటెకావిర్ (ఈ వైరస్‌ని అణిచే మాత్ర) మొదలుపెట్టాకే ఆ మందు ఇచ్చారు. స్టెరాయిడ్ కోర్సైనా, కీమో అయినా, ముఖ్యంగా రిటుక్సిమాబ్ (ఇమ్యూనిటీని బాగా తగ్గించే ఇంజెక్షన్) అయినా అడగకపోయినా మీరే చెప్పండి. ఇంట్లోవాళ్లకి టెస్టు, నెగటివ్ వచ్చినవాళ్లకి టీకా. మీకు మాత్రం ఆరు నెలలకోసారి పరీక్షలు, మద్యం మానేయడం.

పసరు తాగమంటారా అన్నారు. నేను తాగలేదు. పసరుతో తగ్గిందని చెప్పేవాళ్లలో చాలామందికి వచ్చేది హెపటైటిస్ ఏ లాంటి కామెర్లు, అవి తగ్గడానికి పసరు అక్కర్లేదు, వాటంతటవే తగ్గుతాయి.