ముప్పై ఎనిమిదో గడిలో ఉన్నదెవరు?

ప్రశ్న: పరమాణు సంఖ్య మాత్రమే ఇచ్చి మూలకం ధర్మాలు రాయమంటే నాకేమీ తోచడం లేదు. ఉదాహరణకు 38వ మూలకమైన స్ట్రాన్షియం గురించి బట్టీ పట్టకుండా ఎలా చెప్పగలం?
– పదో తరగతి విద్యార్థిని, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ముందుగా ఆవర్తన పట్టికలో ఆ మూలకం ఏ గడిలో ఉన్నదో తేల్చుకోవాలి. ఒక్కో పీరియడు (అడ్డు వరుస) చివర ఉండే జడవాయువుల సంఖ్యలైన 2, 10, 18, 36, 54, 86 గుర్తుంటే అది కష్టం కాదు. 36వదైన క్రిప్టాన్‌తో నాలుగో పీరియడు ముగుస్తుంది కనుక, 38వ మూలకం అయిదో పీరియడులో, రెండో గ్రూపులో (నిలువు వరుసలో), కాల్షియానికి కింద, బేరియానికి పైన ఉంటుంది. దాని బాహ్య కక్ష్యలో రెండే ఎలక్ట్రాన్లు ఉంటాయి కాబట్టి అది లోహమనీ, వేలన్సీ (సంయోజకత) 2 అనీ అక్కడికక్కడే చెప్పవచ్చు.

ఇప్పుడు ఇరుగుపొరుగులను చూడండి. కాల్షియం మనకు కొత్తది కాదు. పిడుగురాళ్ల బట్టీలలో తయారయ్యే సున్నం దాని ఆక్సైడే. ఆ రాతిసున్నం మీద నీళ్లు పోస్తే ఉడికినట్లు పొంగి వేడెక్కుతుంది, తేరిన సున్నపునీరు ఎర్ర లిట్మస్‌ను నీలంగా మారుస్తుంది. స్ట్రాన్షియం ఆక్సైడు స్వభావమూ అదే. అయితే స్ట్రాన్షియం పరమాణువులో కాల్షియం కంటే ఒక కక్ష్య ఎక్కువ. కేంద్రకానికి దూరమైన ఆ చివరి ఎలక్ట్రాన్లు మరింత సులువుగా విడిపోతాయి కనుక, ఈ లోహం చన్నీటితో కాల్షియం కంటే చురుకుగా చర్య జరుపుతుంది.

అంకెలను కూడా అంచనా వేయవచ్చు, నాకు అత్యంత ఇష్టమైన భాగం ఇదే. కాల్షియం పరమాణు భారం 40, బేరియానిది 137, సగటు 88.5 కాగా, స్ట్రాన్షియం అసలు విలువ 87.6. మధ్య మూలకం భారం మిగతా రెండింటి సగటుకు దగ్గరగా ఉండే ఇలాంటి మూడేసి మూలకాల జట్లను డాబరైనర్ త్రికాలు అంటారు, వాటిలో ఇదొకటి. ద్రవీభవన స్థానాలు చూస్తే కాల్షియానికి 842 డిగ్రీల సెల్సియస్, బేరియానికి 727. వీటి సగటు సుమారు 785, అసలు విలువ 777.

కానీ ఈ సగటును అన్నిచోట్లా నమ్మకూడదు. అదే గ్రూపులో కాల్షియానికి పైనున్న మెగ్నీషియం 650 డిగ్రీలకే కరుగుతుంది కనుక, కిందికి వెళ్లేకొద్దీ ద్రవీభవన స్థానం తగ్గుతుందని రాస్తే తప్పవుతుంది. జ్వాల రంగుకైతే సగటు అన్న మాటే వర్తించదు: కాల్షియానిది ఇటుక ఎరుపు, బేరియానిది లేత ఆకుపచ్చ, వాటి మధ్యనున్న స్ట్రాన్షియానిది దీపావళి మతాబులలో మనం చూసే ముదురు ఎరుపు.