డిమెన్షియా వార్డులో ఉద్యోగం వచ్చింది, పాపని పంపొచ్చా?

కావలి నుంచి ఒకమ్మ అడిగింది. పాప ఇంటర్ బైపీసీ అయ్యాక జనరల్ డ్యూటీ అసిస్టెంట్ కోర్సు చేసింది, చెన్నైలో ఒక ఆసుపత్రిలో డిమెన్షియా (పెద్ద వయసులో మతి తప్పే జబ్బు) పేషెంట్ల వార్డుకి హెల్త్‌కేర్ అసిస్టెంట్‌గా రమ్మన్నారు, వాళ్ళ నాన్నేమో ముసిలోళ్ళకి కడిగే పనికా ఇంత చదివించింది అని భీష్మించుకొని కూర్చున్నాడు, ఇంకోపక్క ఒక ఏజెంటు ఏడాది చేస్తే యూకే పంపిస్తా, డబ్బులు రెడీ చేసుకోండి అంటున్నాడు, ఏం చెయ్యమంటారు అని.

అమ్మా, ముందు మీ ఆయన మాటకే వస్తా. కడగడం ఉంది, లేదంటే అబద్ధం. డైపర్లు మార్చాల, స్నానం చేయించాల, మంచం పట్టినోళ్ళని రెండు గంటలకోసారి పక్క మార్చి నడుం కింద, మడమల దగ్గర చర్మం ఎర్రబడిందేమో చూడాల, లేకపోతే పుండ్లు పడతాయి. కానీ ఆ వార్డులో కష్టమైన పని అది కాదు. సాయంత్రం ఐదూ ఆరు అయ్యేసరికి చాలామందికి కంగారు మొదలవుద్ది, సన్‌డౌనింగ్ అంటారు. ఎనభై ఏళ్ళ పెద్దామె తలుపు గడియ పట్టుకొని, పిల్లోళ్ళు బడి నుంచి వచ్చే టైమైంది నేను ఇంటికి పోవాల అంటది. కొత్తగా చేరినోళ్ళు "మీ పిల్లలకే మనవళ్ళు పుట్టారు, కూర్చో అవ్వా" అంటారు, ఆమె ఇంకా రెచ్చిపోయి గిల్లుద్ది, కొరుకుద్ది. పని తెలిసిన పిల్ల వాదన పెట్టుకోదు. "అవునా, పిల్లోళ్ళకి ఏం వండుతావు అవ్వా" అంటది, చేపల పులుసంటే మామిడికాయ ముక్కలేస్తావా అని అడుగుతా (మన నెల్లూరు పిల్లకి ఈ ప్రశ్న ఎవరూ నేర్పక్కర్లా) చెయ్యి పట్టుకొని వరండాలో రెండు రౌండ్లు నడిపిస్తది, నడిపిస్తానే ఆమెకి బాత్రూమ్ వస్తుందా, దాహమా, ఎక్కడన్నా నొప్పా అని మొహం చూసి కనిపెడతది, ఎందుకంటే ఆమె నోటితో చెప్పుకునే స్థితిలో ఉండదు. నిన్నటిదాకా బానే ఉన్న మనిషి రాత్రికి రాత్రి ఉన్నట్టుండి తేడాగా ఉంటే యూరిన్ ఇన్ఫెక్షన్ లాంటిదేదో ఉండొచ్చని నర్సుకి వెంటనే చెప్పాల.

అన్నం పెట్టడం కూడా చిన్న పని కాదు. నిటారుగా కూర్చోబెట్టి, చిన్న స్పూను పెట్టి, మింగిందాకా ఆగి, బుగ్గలో ముద్ద దాచుకుందేమో చూసి అప్పుడు రెండోది. దగ్గొస్తే ఆపెయ్యాల. మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా అయ్యి మనిషి పోవచ్చు కూడా. దీన్ని ఆయా పని అనేవాళ్ళని ఒక్క పూట ఆ వార్డులో కూర్చోబెట్టాలనిపిస్తది నాకు.

భాష సంగతి. ఈ జబ్బులో చాలామంది తర్వాత నేర్చుకున్న భాషలు మర్చిపోయి చిన్నప్పటి భాషకి వెళ్ళిపోతారు. చెన్నైలో తెలుగు పెద్దోళ్ళు ఉన్నారు, వాళ్ళకి మీ పాప వరమే, మిగతావాళ్ళ కోసం తమిళం మాత్రం గట్టిగా నేర్చుకోవాల.

యూకే ఏజెంటుకి రూపాయి కూడా ఇవ్వొద్దు. బయటి దేశాల నుంచి కేర్ వర్కర్లని, అంటే ముసిలోళ్ళని, జబ్బుపడినోళ్ళని చూసుకునేవాళ్ళని, కొత్తగా కేర్ వర్కర్ వీసా మీద తీసుకోవడం యూకే వాళ్ళు 2025 జూలై 22 నుంచి ఆపేశారు, అంతకుముందే 2024 మార్చి నుంచి కుటుంబాన్ని వెంట తీసుకుపోయే వీలు తీసేశారు. జపాన్‌కి కైగో అని వృద్ధుల సంరక్షణ పనికి దారి ఉంది, కానీ జపనీస్ నేర్చుకొని పరీక్షలు పాస్ అవ్వాల, ఏజెంటు మాటతో అయ్యేది కాదు.

ఇంక నా మాట: పంపండి, కానీ ఒక ఏడాదికే, ఆ ఏడాదిలోనే నర్సింగ్‌కి అప్లై చేయించండి. పనికి కొదవ ఉండదు, మన దేశంలో 60 దాటినోళ్ళలో 7.4 శాతం, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని లాసీ-డాడ్ అనే దేశవ్యాప్త సర్వే మీద 2023లో వచ్చిన అంచనా. చిక్కెక్కడంటే, అసిస్టెంట్‌గా పదేళ్ళు చేసినా నర్సు అవ్వరు, ఆ అనుభవం చూపిస్తే రిజిస్ట్రేషన్ ఇవ్వరు. జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా మూడేళ్ళు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ళు, బైపీసీ కాబట్టి మార్కులుంటే రెండిటికీ దారి ఉంది. ఈ ఏడాదిలో ఆ పిల్లకి ఈ లైన్ పడుద్దో లేదో కూడా తెలిసిపోద్ది, పడకపోతే ఫీజులు కట్టకముందే తెలియడం మంచిదే.

చేరేముందు అడగాల్సినవి అడగండి. నైట్ డ్యూటీలో ఒక్క అసిస్టెంటుకి ఎంతమంది పేషెంట్లు, పేషెంట్ కొడితే ఎవరికి చెప్పాల, హాస్టల్ ఎక్కడ, పీఎఫ్ ఈఎస్ఐ ఉన్నాయా, హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ వాళ్ళే వేయిస్తారా. ఇంజెక్షన్ నువ్వే వెయ్యి అని ఎవరన్నా అంటే వెయ్యనని చెప్పమనండి, అది నర్సు పని, ఏదన్నా జరిగితే మీ పాప మీద పడుద్ది. ఒరిజినల్ సర్టిఫికెట్లు అడిగితే చూపించి వెనక్కి తీసుకోవాల, వాళ్ళ దగ్గర పెట్టాల్సింది జిరాక్సులే.