సాయంత్రం అడిగే లెక్క

ప్రశ్న: నేను ప్రభుత్వ బ్యాంకులో శాఖ మేనేజరును. 2020 ఏప్రిల్ 1న పది బ్యాంకులు నాలుగైనప్పుడు మా బ్యాంకు మరో బ్యాంకులో కలిసిపోయింది. అంతకుముందు పొద్దున్నే సిబ్బందితో కూర్చుని టీ తాగేదాన్ని. ఇప్పుడు రోజూ సాయంత్రం ప్రాంతీయ కార్యాలయం బీమా పాలసీల లెక్క అడుగుతోంది. మర్నాడు నేను సిబ్బందిపై కేకలేస్తున్నాను. మారింది నేనా, బ్యాంకా? – ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: ముందు బ్యాంకు మారిందమ్మా, దాని వెనకే మీరు. ముప్ఫై నాలుగేళ్ల ఉద్యోగంలో నేనూ అలా మారినవాణ్నే. ఒక ప్రాంతీయ మేనేజరు మా శాఖకు వస్తే ముందు మొండి బకాయిల జాబితా తెరిచేవారు. ఆయన ఉన్నన్నాళ్లూ నేను ఊళ్లు తిరిగాను, రైతుల అరుగుల మీద మజ్జిగ తాగాను. తర్వాత వచ్చినాయన ఫోనులో అడిగేది ఒక్కటే: "ఈ రోజు ఎన్ని?"

ఆరు నెలలు తిరక్కుండానే మా గుమాస్తా బంగారు రుణం కాగితాల మధ్య బీమా ఫారం దూర్చడం కళ్లారా చూశాను. ఎదురుగా ఒక పెద్దావిడ. ఆమె గొలుసు ఇంకా బంగారం విలువ కట్టే అప్రైజర్ త్రాసులోనే ఉంది. కళ్లు దాని మీద పెట్టి, చూపించిన చోటల్లా వేలిముద్ర వేసింది. నేను ఆపలేదు. అలా చేయమని ఆ కుర్రాడికి చెప్పనూ లేదు. రోజూ "ఎన్ని?" అని అడిగాను, అంతే.

అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు ఒక్కో ఖాతాదారుకు ఖాతాలు, కార్డులు, రుణాల్లాంటివి ఎనిమిది అంటగట్టాలని లక్ష్యం పెట్టుకుంది. సిబ్బంది జనానికి తెలియకుండానే లక్షల ఖాతాలు తెరిచారు. 2016లో 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడేనాటికే దాదాపు 5,300 మంది ఉద్యోగాలు ఊడాయి. వాళ్లలో ఎక్కువమంది కింది స్థాయి వాళ్లే. సీఈవో జాన్ స్టంఫ్ ఆ అక్టోబరులో గానీ దిగిపోలేదు. (మన దగ్గరైనా వేటు ముందు పడేది కౌంటరు మీదే.)

సాయంత్రం లెక్క మీ చేతిలో లేదు. పొద్దున మీరు ఏం అడుగుతారన్నది మాత్రం మీదే. "నిన్న ఎవరు పని కాక వెనక్కి వెళ్లారు, ఎందుకు?" అని మొదలుపెట్టండి. రుణం కాగితాలున్న బల్ల మీదికి బీమా ఫారం రానివ్వకండి. పాలసీ అందిన 30 రోజుల్లోపు వద్దనుకుంటే వెనక్కి ఇవ్వవచ్చని ఖాతాదారుకు మీరే చెప్పండి. మీ అంకె తగ్గుతుంది, తిట్లు పడతాయి. ఆ తిట్లు మీ గది దాటి కౌంటరు దాకా రాకుండా చూసుకోండి. టీ కూడా మళ్లీ మొదలుపెట్టండి, షట్టరు ఎత్తకముందే.